పదిమంది ముందు వెబ్‌సైట్ చూపించాలంటే

మీరు ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టు చూపించబోతూ ఉండవచ్చు. తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జి ఓనరుకు ఆయన బుకింగ్ సైటు చూపించి, అడ్వాన్సు పోను మిగిలిన డబ్బు అడగబోతూ ఉండవచ్చు. లేదా చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లు మీటింగు పెట్టుకుని, ఆన్‌లైన్ సంగతులు పది నిమిషాలు చెప్పమని మిమ్మల్ని పిలిచి ఉండవచ్చు. మాట్లాడే విషయాలు వేరైనా, చేసుకోవలసిన తయారీ చాలావరకు ఒకటే.

నేను తిరుపతిలో వెబ్‌సైట్లు చేస్తూ బతుకుతున్నవాణ్ణి. చేసినవాటిని కాలేజీ సెమినార్ హాళ్లలో, ఆఫీసు గదుల్లో, ఒక్కోసారి కళ్యాణ మండపంలో కూడా చూపించాను. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: మీ ల్యాప్‌టాప్‌లో బాగుంది కదా అని నమ్మకండి. జనం చూసేది మీ ల్యాప్‌టాప్‌ని కాదు. ఆ హాల్లోని పాత ప్రొజెక్టర్, కిటికీలోంచి ఎండ పడే తెర, వాటిని చివరి వరసలోంచి చూస్తారు. అందుకే తయారీని ఆ చివరి కుర్చీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.

ముందు ఫోన్ చేయండి

పిలిచినవాళ్లకు కాదు, ఆ హాల్లో ప్రొజెక్టర్ ఆన్ చేసే మనిషికి చేయండి. పిలిచిన ప్రొఫెసర్ గారు "అన్నీ ఉన్నాయి, మీరు రండి చాలు" అంటారు. ఆపరేటర్ అయితే "అన్నా, ఇక్కడ వీజీఏ వైరే ఉంది, హెచ్‌డీఎంఐ పోర్టు పనిచేయదు" అని ఉన్నదున్నట్టు చెప్తాడు. అడగాల్సినవి ఇవి: వైరు ఏది, నా ల్యాప్‌టాప్ పెట్టుకోవచ్చా లేక అక్కడి కంప్యూటరే వాడాలా, తెర వెడల్పుగా ఉంటుందా లేక పాత టీవీలా చదరానికి దగ్గరగా ఉంటుందా, సౌండు ఎక్కడి నుంచి వస్తుంది, నెట్ ఉందా.

తెర ఆకారం చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ కాదు. మీ స్లైడ్లు 16:9లో ఉండి, అక్కడి ప్రొజెక్టర్ 4:3 అయితే పైనా కిందా నల్లపట్టీలు వచ్చి అక్షరాలు ఇంకా చిన్నవైపోతాయి. పాత ప్రొజెక్టర్లలో చాలావాటి అసలు రిజల్యూషన్ 1024 బై 768 మాత్రమే. మీ వెబ్‌సైటును ఆ వెడల్పులో ఒకసారి తెరిచి చూసుకోండి. మెనూ రెండు వరసలుగా విరగడం, బ్యానరు ఒక్కటే తెరంతా నిండిపోవడం లాంటివి ఇంట్లోనే బయటపడతాయి.

హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, మీదంటూ ఒకటి కొనిపెట్టుకోండి. ల్యాప్‌టాప్‌కి టైప్-సీ పోర్టు మాత్రమే ఉంటే దానికి సరిపడేది కూడా. అరువు తెచ్చుకున్న అడాప్టర్ సరిగ్గా ఆరోజే పనిచేయదు, ఎందుకో నాకూ తెలియదు.

తెలుగు అక్షరాలతో జాగ్రత్త

ఇంగ్లీషు స్లైడ్లు చేసేవాళ్లకు లేని తలనొప్పులు మనకు నాలుగైదు ఉన్నాయి. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మొదటిది అను ఫాంట్లు. ఊళ్లోని డీటీపీ సెంటర్లలో పెళ్లి పత్రికల నుంచి ఫ్లెక్సీల దాకా చాలావరకు అను స్క్రిప్టులోనే టైపు చేస్తారు. అచ్చుకు అది బాగుంటుంది. అయితే అందులో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాల కోడ్లు కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంకాని ఇంగ్లీషు గీతలు కనిపిస్తాయి. సైటులో పెడితే గూగుల్‌కి అది తెలుగని తెలియదు, వెతికినా దొరకదు. మీ దగ్గరున్న మ్యాటరు ఏ రకమో తెలుసుకోవడం తేలిక: ఒక మాట కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగులో కనిపిస్తే యూనికోడ్ (తెలుగు అక్షరాలకు సొంత కోడ్లు ఉండే పద్ధతి), పిచ్చి గీతలు వస్తే అను. రెండోదైతే కన్వర్టర్‌తో మార్చుకుని, ఆ తర్వాత వత్తులన్నీ ఒక్కొక్కటిగా సరిచూడండి. కన్వర్టర్లు సరిగ్గా అక్కడే తడబడతాయి.

రెండోది, యూనికోడ్‌లో ఉన్నా ఫాంటు అక్కడి కంప్యూటర్లో లేకపోవడం. మీరు రామభద్ర అనే ఫాంటులో లావుగా, అందంగా పెట్టుకున్న శీర్షిక అక్కడ విండోస్ దగ్గరున్న ఏదో ఒక తెలుగు ఫాంటులోకి మారిపోతుంది, వరసలు విరిగి కిందికి జారతాయి. పాతకాలపు గౌతమి కూడా విండోస్ 10 నుంచి అన్ని కంప్యూటర్లలో ముందే ఉండదు, విడిగా చేర్చుకోవాలి. విండోస్ 8 నుంచి నమ్మకంగా ఉండేది నిర్మల యూఐ. అందం అక్కర్లేదు, పని జరిగితే చాలనుకుంటే అదే వాడండి. వేరే ఫాంటు కావాలంటే పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి, అడుగున ఉండే "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్" టిక్ చేసి సేవ్ చేయండి. ఫైలు కాస్త బరువెక్కుతుంది, ఫరవాలేదు. దాంతోపాటు ఒక పీడీఎఫ్ కూడా తీసిపెట్టుకోండి. పీడీఎఫ్‌లో యానిమేషన్లు పోతాయి కానీ అక్షరాలు కదలవు. అడోబీ రీడర్‌లో కంట్రోల్+ఎల్ నొక్కితే తెరంతా నిండుతుంది, చూసేవాళ్లకు తేడా తెలియదు.

మూడోది వరసల మధ్య దూరం. ఇంగ్లీషు టెంప్లేట్లలో శీర్షికల వరసలు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటిలో తెలుగు పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. పరీక్షకు నేను ఎప్పుడూ వాడే మాట "రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠం". 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అయింది కానీ, ఫాంటు బలం తేల్చడానికి పాత పేరే గట్టిది. ష్ట్రీ, స్కృ, ద్యా మూడూ ఉన్నాయి. అదే పేరును రెండు వరసల్లో, ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ఎక్కడైనా తగులుకుంటే పవర్‌పాయింట్ లైన్ స్పేసింగ్‌లో "మల్టిపుల్" ఎంచుకుని 1.2 లేదా 1.3 ఇవ్వండి. "ఎగ్జాక్ట్లీ" జోలికి పోకండి. వెబ్‌సైట్లో అయితే లైన్-హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టండి. బటన్లకు ఎత్తు పిక్సెళ్లలో బిగించేస్తే అడుగు వత్తులు తెగిపోతాయి కాబట్టి, పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇచ్చి ఎత్తును దానికే వదిలేయండి.

నాలుగోది బోల్డు. మండలి, ఎన్టీఆర్, రామభద్ర లాంటి ఫాంట్లు ఒకే మందంలో వస్తాయి. వాటి మీద బోల్డు బటన్ నొక్కితే కంప్యూటర్ తనకు తోచినట్టు పులుముతుంది. మన అక్షరాల్లో గుండ్రాలు చిన్నవి. అవి పూడుకుపోయి, వెనక వరసలకు ఒక్కో అక్షరం ఒక్కో మచ్చలా కనిపిస్తుంది. నిజమైన బోల్డు కావాలంటే హింద్ గుంటూరు, అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు వాడండి. అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇటాలిక్ అయితే తెలుగుకు అసలు వద్దు. అది మన లిపి అలవాటు కాదు, గాలికి వంగినట్టుంటుంది తప్ప నొక్కి చెప్పినట్టు ఉండదు.

సైజు తేల్చడానికి ఫోను చాలు

"28 పాయింట్లు పెట్టండి" అని చాలామంది చెప్తారు. తెలుగులో ఆ లెక్క నిలవదు. అదే 28 పాయింట్లు ఒక ఫాంటులో పెద్దగా, ఇంకో ఫాంటులో చిన్నగా కనిపిస్తాయి. కంటికి ఎంత పెద్దగా తగులుతుందన్నదే ముఖ్యం. దాన్ని ఇంట్లోనే కొలవచ్చు.

స్లైడును ఫొటోగా సేవ్ చేసి ఫోన్‌కి పంపుకోండి. ఫోన్ అడ్డంగా తిప్పితే 16:9 బొమ్మ వెడల్పు దాదాపు 12 సెంటీమీటర్లు. చెయ్యి చాపి పట్టుకుంటే కంటికి సుమారు 60 సెంటీమీటర్ల దూరం. అంటే వెడల్పుకు 5 రెట్లు. హాల్లో తెర వెడల్పు 2 మీటర్లయితే, 10 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి కనిపించేది సరిగ్గా అంతే. చివరి వరస 12 మీటర్ల దూరంలో ఉందా? ఫోన్‌ని టేబులు మీద నిలబెట్టి 72 సెంటీమీటర్ల నుంచి చదవండి. చదవలేకపోతే అక్షరాలు పెంచండి, పట్టకపోతే మాటలు తగ్గించండి. సైటు స్క్రీన్‌షాట్లకూ ఇదే పరీక్ష. వాటిలో అక్షరాలు దాదాపు ఎప్పుడూ ఫెయిలవుతాయి. మొత్తం పేజీ పెట్టే బదులు, మీరు మాట్లాడుతున్న ఆ ఒక్క బటన్‌నీ దాని చుట్టుపక్కలనీ కత్తిరించి పెద్దగా పెట్టండి.

రంగుల విషయంలో ఒక సంగతి తెలిస్తే సగం తప్పులు పోతాయి: ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నలుపు అంటే అక్కడ వెలుగు పడకపోవడం, అంతే. మధ్యాహ్నం కర్టెన్లు లేని హాల్లో తెర ఎంత తెల్లగా ఉంటే మీ నలుపూ అంతే తెల్లగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఠీవిగా కనిపించే నల్ల బ్యాక్‌గ్రౌండ్ స్లైడ్లు అక్కడ బూడిద రంగులోకి వెలిసిపోతాయి. పగటిపూట హాలైతే తెల్ల బ్యాక్‌గ్రౌండ్, ముదురు అక్షరాలు. చీకటి చేయగలిగిన హాలని ఖాయంగా తెలిస్తేనే నలుపు.

పసుపు, కుంకుమ రంగులంటే మన వాళ్లకు మక్కువ. ఫ్లెక్సీకి బాగుంటాయి. కానీ తెలుపు మీద పచ్చటి పసుపు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరాలకూ వెనక రంగుకూ వెలుగులో తేడా) 1.07కి 1, అంటే దాదాపు లేనట్టే. వెబ్ ప్రమాణాలు మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలంటాయి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, స్టైల్స్‌లో అక్షరాల రంగు పక్కనున్న చిన్న గడి మీద క్లిక్ చేస్తే ఆ అంకె అక్కడే కనిపిస్తుంది. పసుపును బ్యాక్‌గ్రౌండ్‌కి పెట్టి, అక్షరాలు ముదురు ఎరుపులో రాయండి. పండగ వాతావరణమూ పోదు, చదవడానికీ వస్తుంది.

రంగే సరుకైన చోట ప్రొజెక్టర్‌ని అసలు నమ్మవద్దు. శ్రీకాళహస్తి కలంకారీ అమ్మే సైటు చూపిస్తున్నారనుకోండి. బెల్లం, ఇనుము ఊరబెట్టి తీసిన ఆ నలుపూ, చెట్ల నుంచి తీసిన ఆ ఎరుపులూ ప్రొజెక్టర్ వెలుగులో పోల్చుకోలేనట్టు మారిపోతాయి. చూసినవాళ్లు "కలర్ ఇంతేనా?" అంటారు, పాపం తప్పు బట్టది కాదు. అలాంటప్పుడు సైటు పనితీరు తెర మీద చూపించి, చీరల ఫొటోలు మాత్రం మంచి ఫోనులోనో ట్యాబ్‌లోనో చేతికిచ్చి చూపించండి. వీలైతే ఒక దుపట్టా పట్టుకెళ్లి పక్కన పరచండి. మీరు తీసిన ఫొటో ఎంత నిజాయితీగా ఉందో వాళ్లే చూసుకుంటారు.

లైవ్‌గా చూపించాలా, రికార్డు చేసిందా?

లైవ్‌గా చూపిస్తే నమ్మకం కుదురుతుంది, ఒప్పుకుంటాను. కానీ లైవ్ ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లకండి. మూడు ఉండాలి: లైవ్ సైటు, అదే పని చేసిన ఒకటిన్నర నిమిషం వీడియో, ముఖ్యమైన పేజీల స్క్రీన్‌షాట్లు. లైవ్ ఆగితే వీడియో, వీడియో ఆడకపోతే స్క్రీన్‌షాట్లు. తడబడకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లిపోవాలంటే మూడూ ముందే తెరిచి ఉండాలి.

వీడియోకి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. క్రోమ్ తెరిచి విండోస్+ఆల్ట్+ఆర్ నొక్కితే రికార్డింగు మొదలవుతుంది, మళ్లీ అదే నొక్కితే ఆగుతుంది. ఫైలు వీడియోస్‌లో క్యాప్చర్స్ అనే ఫోల్డర్లో ఉంటుంది. విండోస్ 11లో స్నిప్పింగ్ టూల్ కూడా ఈ పని చేస్తుంది. మొత్తం పేజీ పొడవునా స్క్రీన్‌షాట్ కావాలంటే క్రోమ్‌లో ఎఫ్12, తర్వాత కంట్రోల్+షిఫ్ట్+పీ, అక్కడ "స్క్రీన్‌షాట్" అని ఇంగ్లీషులో టైపు చేసి "క్యాప్చర్ ఫుల్ సైజ్" ఎంచుకోండి.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. "మాది లోకల్‌హోస్ట్ సార్, నెట్ అక్కర్లేదు" అని ధీమాగా వస్తారు. సైటు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, నిజమే. కానీ దాని బూట్‌స్ట్రాప్ (పేజీకి రూపం ఇచ్చే రెడీమేడ్ ఫైళ్లు), ఐకాన్లు, గూగుల్ ఫాంట్లు, మ్యాపు అన్నీ బయటి సర్వర్ల నుంచి వస్తుంటాయి. నెట్ లేకపోతే పేజీ తెల్ల కాగితం మీద నీలం లింకుల జాబితాలా తేలుతుంది. ఇంట్లో తెలియదు, ఎందుకంటే బ్రౌజరు వాటిని దాచిపెట్టుకుని ఉంటుంది. వైఫై ఆపేసి, కంట్రోల్+షిఫ్ట్+ఆర్ నొక్కి పేజీని పూర్తిగా కొత్తగా తెరవండి. అప్పుడు నిలబడిందే మీ సైటు. మిగతా ఫైళ్లన్నీ డౌన్‌లోడ్ చేసి ప్రాజెక్టు ఫోల్డర్లోనే పెట్టుకోండి.

నెట్ కావాల్సిందే అయితే మీ ఫోన్ హాట్‌స్పాట్‌నే మొదటి దారిగా పెట్టుకోండి, హాలు వైఫైని రెండోదిగా. కాలేజీ వైఫైలు లాగిన్ పేజీ అడుగుతాయి, కొన్ని సైట్లను ఆపేస్తాయి, కరెంటు పోతే రూటరుతో పాటు అవీ పోతాయి. సెల్లార్‌లో ఉన్న హాళ్లలో సిగ్నల్ ఉండదని మర్చిపోకండి. ఇంకో మాట: మూడొందల రూపాయల దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే ఉదయం తిరుపతిలో డెమో పెట్టుకోకండి. నెట్ సంగతి అటుంచండి, హాల్లో ఒక్కరి కళ్లూ మీ తెర మీద ఉండవు.

డబ్బు కట్టే పేజీ చూపించాలంటే పేమెంట్ గేట్‌వేలో నిజం డబ్బు కదలని టెస్ట్ మోడ్ ఉంటుంది, అదే వాడండి. సొంత కార్డు తీసి నలుగురి ముందు నంబరు కొట్టడం, ఓటీపీ తెర మీద మెరవడం చూస్తే కస్టమర్‌కు మీ సైటు మీద కాదు, మీ మీదే నమ్మకం పోతుంది.

ఎదుట ఒక్కరే ఉంటే

లాడ్జి ఓనరు, షాపు ఓనరు ఎదురుగా కూర్చున్నప్పుడు స్లైడ్లు వద్దు, ల్యాప్‌టాప్ కూడా సంచిలోనే ఉంచండి. సైటు లింకు ఆయన ఫోన్‌కి వాట్సాప్ చేసి, "అన్నా, మీరే యాత్రికుడు అనుకోండి. చెన్నై నుంచి వస్తున్నారు, నలుగురు, శనివారం రాత్రికి రూము కావాలి. బుక్ చేయండి" అని ఫోన్ ఆయన చేతిలోనే ఉంచండి. తర్వాత నోరు కట్టేసుకోండి. ఆయన వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో చూసి రాసుకోండి. "అక్కడ కాదన్నా, కింద నొక్కండి" అని మీకు అనాలనిపించిన ప్రతిచోటా సైటు మార్చాలి. రేపు యాత్రికుడి పక్కన మీరుండరు కదా.

అలా చూపించే ముందు సైటులో డూప్లికేట్ సరుకు ఉండకూడదు. విదేశీ హోటలు ఫొటోలు, అర్థంలేని లాటిన్ వాక్యాలు చూస్తే ఆయనకు అది తన లాడ్జి అనిపించదు. ఒక పూట వెళ్లి ఆయన రూములు ఫోన్‌తోనే ఫొటోలు తీయండి. ఆయన నంబరు పెట్టి, నొక్కితే కాల్ వెళ్లేలా చేయండి. ఆ నంబరు నొక్కగానే టేబులు మీదున్న ఆయన రెండో ఫోన్ మోగితే, ఇక మీరు వేరే ప్రజెంటేషన్ ఇవ్వక్కర్లేదు. తెలుగుతో పాటు తమిళంలోనూ పేజీ కావాలా అని అప్పుడే అడగండి. తమిళనాడు యాత్రికుల మీద నడిచే లాడ్జికి అది అలంకారం కాదు, వ్యాపారం.

ఫోన్ స్క్రీన్‌ని హాల్లో పెద్ద తెర మీద చూపించాలంటే ఆండ్రాయిడ్‌కి స్క్రీన్‌కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఎస్ సి ఆర్ సి పి వై అనే అక్షరాలతో వెతకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కలపండి. పని అయ్యాక దాన్ని ఆఫ్ చేయడం మీ బాధ్యత.

ముందురోజు రాత్రి

ల్యాప్‌టాప్‌ని పరాయివాళ్లు చూస్తారన్నట్టు సర్దండి. క్రోమ్‌లో గెస్ట్ ప్రొఫైల్ తెరిచి అందులోనే డెమో చేయండి. మామూలు ప్రొఫైల్లో అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొట్టగానే మీరు నెలరోజులుగా ఏం వెతికారో వరసగా వచ్చేస్తుంది. వాట్సాప్ వెబ్ నుంచి లాగౌట్ అవ్వండి. "పాల ప్యాకెట్ తే" అన్న మెసేజ్ కిందనుంచి లేచిందంటే హాలంతా నవ్వు, మీకు టెన్షన్. విండోస్ 11లో నోటిఫికేషన్లకు "డు నాట్ డిస్టర్బ్", విండోస్ 10లో "ఫోకస్ అసిస్ట్" ఉంటుంది, ఆన్ చేయండి. విండోస్ అప్‌డేట్‌ని వారంపాటు పాజ్ చేయండి. పవర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఆరిపోయే సమయాన్ని "నెవర్" చేయండి. మౌస్ బాణాన్ని యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో పెద్దది చేసి, రంగు కూడా మార్చండి. లేకపోతే మీరు "ఇక్కడ చూడండి" అంటారు, ఎక్కడ చూడాలో ఎవరికీ తెలియదు.

ఫైలు మూడుచోట్ల ఉండాలి: ల్యాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో, మీ ఫోన్‌లో. వాట్సాప్‌లో పంపుకునేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, నాణ్యత తగ్గదు. అక్కడి కంప్యూటర్లో మీ జీమెయిల్ తెరిచి ఫైలు దించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. ఓటీపీ, పాస్‌వర్డు, తర్వాత లాగౌట్ మర్చిపోవడం, ఇవన్నీ స్టేజీ మీద పడాల్సిన పాట్లు కావు. కాలేజీ ల్యాబుల్లో తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయకుండా మళ్లీ ఇంట్లో పెట్టకండి.

హాల్లో

గంట ముందు చేరండి. వైరు పెట్టి విండోస్+పీ నొక్కండి. "డూప్లికేట్" పెడితే రెండు తెరల మీదా ఒకటే కనిపిస్తుంది. వెబ్‌సైటు చూపించడానికి అదే మేలు, తల తిప్పకుండా మాట్లాడవచ్చు. స్లైడ్లకైతే "ఎక్స్‌టెండ్" పెట్టండి. మీ తెర మీద నోట్సు, తర్వాతి స్లైడు, గడియారం కనిపిస్తాయి, జనానికి స్లైడు మాత్రమే కనిపిస్తుంది. ఇంట్లో ప్రొజెక్టర్ లేకుండానే దీన్ని సాధన చేయాలంటే పవర్‌పాయింట్‌లో ఆల్ట్+ఎఫ్5 నొక్కండి.

హెచ్‌డీఎంఐ పెట్టగానే మీ ల్యాప్‌టాప్ సౌండు ప్రొజెక్టర్‌కి వెళ్లిపోతుంది. దానికి స్పీకరు ఉండకపోవచ్చు, ఉన్నా దోమ పాట. టాస్క్‌బార్‌లో స్పీకరు గుర్తు దగ్గర అవుట్‌పుట్ మార్చి, హాలు స్పీకర్ల వైరు ల్యాప్‌టాప్‌కి పెట్టించండి. వీజీఏ వైరులో అయితే సౌండు అసలు వెళ్లదు.

తర్వాత చివరి వరసలో కూర్చుని మీ సైటు మీరే చదవండి. బ్రౌజరులో కంట్రోల్, ప్లస్ నొక్కుతూ 150 శాతం దాకా పెంచి, ఎఫ్11తో పట్టీలన్నీ తీసేయండి. ఇంకా చిన్నగా ఉన్న చోటికి జూమిట్ అనే ఉచిత టూలు ఉంది. కంట్రోల్+1 నొక్కితే ఆ భాగం పెద్దదవుతుంది, కంట్రోల్+2 నొక్కితే తెర మీద గీత గీయవచ్చు. తెర మీద పడే ట్యూబ్‌లైటు ఒక్కటే ఆపించండి. అన్నీ ఆపితే భోజనాల తర్వాత సెషన్లో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంటుంది, ప్రొజెక్టర్ ఆగుతుంది. ల్యాంపు ఉన్న ప్రొజెక్టర్ కరెంటు వచ్చిన వెంటనే వెలగదు, చల్లబడేదాకా ఆగాలి. ఆ కొన్ని నిమిషాలకు ముందే ఒక విషయం పక్కన పెట్టుకోండి, తెర అక్కర్లేనిది. ఉదాహరణకు, ఈ సైటు ఎవరి కోసం, వాళ్లు ఇప్పటిదాకా ఆ పని ఎలా చేస్తున్నారు. చాలాసార్లు జనానికి గుర్తుండేది ఆ భాగమే.

మాట్లాడేటప్పుడు

మీకు అరగంట ఇచ్చారంటే పన్నెండు నిమిషాలే ఉందనుకోండి. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయాలు, శాలువాలు, ఇద్దరు పెద్దల ప్రసంగాలు మీ వాటాలోంచే పోతాయి. కాబట్టి వదిలేయగలిగిన స్లైడ్లను "హైడ్" చేసి ఉంచండి. సమయం మిగిలితే ఆ స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే అది తెరుచుకుంటుంది. ముఖ్యమైన స్లైడ్ల నంబర్లు చీటీ మీద రాసి పెట్టుకోండి. ఎవరైనా ప్రశ్న అడిగినప్పుడు వెనక్కి ఇరవై స్లైడ్లు గిరగిరా తిప్పాల్సిన పని ఉండదు. మధ్యలో జనం మీ ముఖం చూడాలనుకుంటే "బి" అక్షరం నొక్కండి, తెర నల్లబడుతుంది. మళ్లీ నొక్కితే వస్తుంది.

లాగిన్ పేజీతో మొదలుపెట్టకండి. మా టీము, మా లక్ష్యాలు, వాడిన టెక్నాలజీ, వీటితోనూ వద్దు. ఆ సైటు చేసే ముఖ్యమైన పని మొదటి రెండు నిమిషాల్లో అయిపోవాలి. మామిడి గుజ్జు ఎగుమతిదారు సైటైతే, పరాయి దేశంలో కొనేవాడికి తోతాపురి గుజ్జు వివరాలు, సర్టిఫికెట్లు, ఎవరిని సంప్రదించాలి అన్నది ఎన్ని క్లిక్కుల్లో దొరుకుతుందో చేసి చూపించండి. కదిలే బ్యానర్లు తర్వాత, అసలు లేకపోయినా నష్టం లేదు.

నొక్కే ముందు చెప్పండి, నొక్కిన తర్వాత ఆగండి. "ఇక్కడ నొక్కితే ఇలా వస్తుంది" అనకుండా, "కింద ఆకుపచ్చ బటన్, 'బుక్ నౌ' అని ఉంది, అది నొక్కుతున్నాను" అనండి. స్తంభం వెనక కూర్చున్నవాళ్లకూ, మీ భాష పూర్తిగా రానివాళ్లకూ కథ అందుతుంది. చిత్తూరు వైపు హాళ్లలో తమిళం మాట్లాడేవాళ్లు ఎప్పుడూ కొందరు ఉంటారు. పేజీ లోడవుతున్నప్పుడు "కాస్త స్లోగా ఉంది, సారీ" అని గొణగకండి, తర్వాత ఏం కనిపించబోతోందో చెప్పండి.

చివర్లో సైటు అడ్రసు చదివి వినిపించడం వృథా. క్యూఆర్ కోడ్ పెట్టండి, కానీ దానికీ ఒక లెక్క ఉంది: స్కాన్ చేసే దూరంలో సుమారు పదో వంతు సైజు ఉండాలి. 12 మీటర్ల దూరానికి 1.2 మీటర్ల కోడ్ కావాలి, అంత చోటు చాలా తెరల మీద ఉండదు. అందుకే అదే కోడ్‌ని కాగితం మీద ప్రింటు తీయించి, తలుపు దగ్గర, టీ ఇచ్చే బల్ల దగ్గర అతికించండి. తెర మీద పెట్టినది ప్రశ్నలు అయ్యేదాకా తీయకండి.

దిగాక, అక్కడి కంప్యూటర్లో కాపీ చేసిన ఫైలు డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. ఎవరైనా స్లైడ్లు అడిగితే నంబరు తీసుకుని, ఆ సాయంత్రమే పీడీఎఫ్‌ని సైటు లింకుతో కలిపి పంపండి. రెండు రోజులు ఆగి పంపితే ఎవరూ తెరవరు.